ప్లాస్టిక్ కిట్లతో కార్లు, లారీలు కట్టడం: బెజవాడలో నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఇంటికి వచ్చినవాళ్లు షోకేసులో లారీని చూసి ముందు "ఎక్కడ కొన్నారు?" అంటారు. కట్టాను అంటే ఇక ప్రశ్నలు మొదలు. చెప్పిందే చెప్పీ చెప్పీ ఇప్పుడు రాసి పెట్టాను. వరస ఏమీ పాటించలేదు, అడిగిన క్రమంలోనే ఉన్నాయి.

బొమ్మ కారుకీ దీనికీ తేడా ఏంటి?

బజారులో దొరికే లోహపు బొమ్మ కారు తయారై వస్తుంది. కిట్ అలా కాదు. పెట్టె తెరిస్తే గుత్తికి కాయలు వేలాడినట్టు, ప్లాస్టిక్ ఫ్రేములకు వేలాడుతూ చిన్న చిన్న భాగాలు ఉంటాయి. సీటు వేరు, స్టీరింగు వేరు, ఒక్కో కమాను కట్ట వేరు. దాన్ని కోసి, గీకి, రంగు వేసి, అంటించి బండి చేయడం మన పని. ప్లాస్టిక్ ఎక్కువగా పాలీస్టైరీన్. జిగురు, రంగు, బ్రష్షు పెట్టెలో ఉండవు. ఈ సంగతి తెలియక కిట్ తెప్పించుకుని, రాత్రి పదింటికి ఫోన్ చేసిన మిత్రులు ఉన్నారు.

1/24, 1/25 అంటే?

అసలు బండిని 24తో భాగిస్తే వచ్చేది 1/24. నాలుగు మీటర్ల ముప్పై సెంటీమీటర్ల అంబాసిడర్ ఈ కొలతలో సుమారు 18 సెంటీమీటర్లు వస్తుంది. జపాన్‌లోని షిజువోకా ప్రాంతపు కంపెనీలు టామియా, హసెగావా, ఆవోషిమా, ఫుజిమి కార్లను ఎక్కువగా 1/24లో చేస్తాయి. ఇటలీ కంపెనీ ఇటలేరి చేసే స్కానియా, వోల్వో లారీలూ 1/24 లోనే.

అమెరికా కిట్లు మాత్రం ఎక్కువగా 1/25. అక్కడి కార్ల కంపెనీలు షోరూముల్లో ఇవ్వడానికి 1/25 కొలతలో చిన్న నమూనాలు చేయించేవి. కిట్లు వాటిలోంచే పుట్టాయి. ఏఎంటీ అనే కంపెనీ 1958లో ఒకే పెట్టెలో మూడు రకాలుగా కట్టుకునే కిట్లు తెచ్చింది: కంపెనీ నుంచి వచ్చినట్టు, లేదా సొంత హంగులతో, లేదా రేసు కారులా. అంటే మార్చుకోవడం, సింగారించడం మనం తర్వాత కనిపెట్టిన చిలిపి పనులు కావు, మొదటినుంచీ పెట్టెలోనే ఉన్నాయి.

రెండిటికీ తేడా నాలుగు శాతమే. ఒకదాని చక్రాలు ఇంకోదానికి వేస్తే మీకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు.

ఇంకో సుఖం ఉంది. 1/24లో ఒక అడుగు అంటే సరిగ్గా అర అంగుళం. ఆటోనగర్లో బాడీ కట్టేవాళ్లు అడుగుల్లోనే మాట్లాడతారు కాబట్టి "ఇరవై అడుగుల బాడీ" అంటే నా బల్ల మీద పది అంగుళాలు. క్యాలిక్యులేటర్ అక్కర్లేదు.

మొదటి కిట్ ఏది కొనాలి? నాకు లారీయే కావాలి.

తెలుసు, అందరికీ లారీయే కావాలి. అయినా మొదటిది కారే కొనండి, అదీ ఇంజన్ లేని కిట్. లారీలో ఛాసిస్ రెండు పట్టాలూ సమానంగా, మూలమట్టంగా రావాలి. ఒక వెంట్రుక వంకర వచ్చినా చివర్లో పది చక్రాల్లో మూడు గాల్లో ఉంటాయి. నా మొదటి లారీ ఇప్పటికీ ఆరు కాళ్ల మీదే నిలబడుతుంది.

పెట్టె మీద బొమ్మ చూసి మోసపోవద్దు. కొత్త పెట్టెలో 1970ల నాటి అచ్చులోంచి తీసిన భాగాలు ఉండొచ్చు. పాత అచ్చులు చెడ్డవని కాదు. వాటిలో డోర్లు, బానెట్లు సరిగ్గా కూర్చోవడానికి రుద్దే పని ఎక్కువ. టామియా కారుతో మొదలుపెట్టినవాళ్లు రెండో కిట్ కొంటారు. పాత అచ్చుతో మొదలుపెట్టినవాళ్లు చాలామంది కొనరు.

విజయవాడలో దొరుకుతాయా?

కిట్లు దాదాపుగా ఆన్‌లైనే. వాటర్ పేపర్, మాస్కింగ్ టేపు, ఫెవికాల్, ఎం-సీల్, సిరంజిలు లాంటివన్నీ గవర్నర్‌పేట, వన్‌టౌన్ చుట్టుపక్కల ఒక సాయంత్రంలో కొనేయొచ్చు.

బయటి దేశం నుంచి తెప్పిస్తే కస్టమ్స్ సుంకం ఉంటుంది. ఆటవస్తువుల మీద ఇది 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. ఈ రేట్లు బడ్జెట్‌కొకసారి కదులుతుంటాయి, ఆర్డర్ పెట్టేముందు ఆ రోజు రేటు చూసుకోండి. ఇక్కడి షాపు ధర ఎక్కువగా కనిపించినా, చివరికి అదే చవక అయ్యే సందర్భాలు చాలా. స్ప్రే డబ్బాలు మంటలంటుకునేవి కాబట్టి మామూలు పార్సిల్‌లా విమానంలో రావు. రోడ్డు మీద నింపాదిగా వస్తాయి. ఆలస్యమైందని టెన్షన్ పడకండి.

ఏ పనిముట్లు ఉండాలి?

సైడ్ కట్టరు, సన్న బ్లేడు కత్తి, పట్టకారు, 400 నుంచి 2000 నంబరు దాకా వాటర్ పేపర్, బట్టల క్లిప్పులు. అంతే. ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చిమ్మే చిన్న గన్ను) మూడో కిట్ తర్వాత ఆలోచించండి.

భాగాన్ని ఫ్రేము నుంచి విరవకండి, కోయండి. అదీ రెండు దెబ్బల్లో: ముందు తొడిమ కొంచెం వదిలి కోయాలి, తర్వాత ఆ తొడిమను బ్లేడుతో చెక్కి రుద్దాలి. ఒకేసారి అంచుకి కోస్తే ప్లాస్టిక్ తెల్లగా చితుకుతుంది, గుంట పడుతుంది. అచ్చు రెండు ముక్కలు కలిసిన చోట సన్న గీత ఉంటుంది, అదీ గీకేయాలి. రంగు వేశాక ఆ గీత అరిచి మరీ కనిపిస్తుంది.

ఫెవిక్విక్‌తో అంటిస్తే సరిపోదా?

అంటుకుంటుంది. కానీ ఈ పనికి అసలు జిగురు వేరే. మోడల్ సిమెంట్ అనేది నిజానికి జిగురు కాదు, ద్రావకం. పాలీస్టైరీన్‌ని కొంచెం కరిగిస్తుంది, రెండు అంచులూ కలిసిపోతాయి, ద్రావకం ఆవిరైపోయాక అది ఒకే ముక్క. నీళ్లలా పలచగా ఉండే రకం తీసుకోండి. రెండు ముక్కలూ దగ్గరపెట్టి, సందులో బ్రష్షు ముట్టిస్తే చాలు, తనే పాకిపోతుంది. వేలు మాత్రం ఆ సందు మీద ఉండకూడదు. ఉంటే మీ వేలిముద్ర జీవితాంతం బానెట్ మీద ఉంటుంది. నా దగ్గర అలాంటి బానెట్ ఒకటి ఉంది.

సూపర్ గ్లూ రకాలు లోహం ముక్కలకు, రెజిన్ ముక్కలకు, పీవీసీ షీటుకు పనికొస్తాయి. అద్దాల దగ్గరకు మాత్రం రానివ్వకండి, వాటి ఆవిరికి స్పష్టమైన ప్లాస్టిక్ మీద తెల్లని పొగ పట్టేస్తుంది. అద్దాలకు మామూలు తెల్ల ఫెవికాల్ చాలు. ఆరితే పారదర్శకంగా అవుతుంది, ఎక్కువైతే తడి గుడ్డతో తుడిచేయొచ్చు.

సందులు పూడ్చడానికి?

గోడ లప్పం వద్దు, రాలిపోతుంది. చిన్న సందులకు మోడల్ పుట్టీ, పెద్ద గుంటలకు ఎం-సీల్ లాంటి ఎపాక్సీ. ఎండాక వాటర్ పేపర్ కొట్టాలి.

ఇది మన ప్రాంతానికి కొత్త విద్య కాదు. ఇరవై కిలోమీటర్ల దూరంలో కొండపల్లిలో తెల్ల పొణికి చెక్కతో బొమ్మ చేసేవాళ్లు చేతులు, కాళ్లు విడివిడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, నునుపు చేసి, ఆ తర్వాతే రంగు వేస్తారు. భాగాలు, అతుకు, రుద్దుడు, రంగు. ఒకసారి వెళ్లి వాళ్ల చేతులు చూసి రండి. నేను పది వీడియోల్లో నేర్చుకోనిది అక్కడ ఒక పూటలో నేర్చుకున్నాను: వాళ్లు కళ్లతో కాదు, బొటనవేలితో తడిమి నునుపు చూస్తారు.

రంగు వేస్తే గరుకుగానో, తెల్లగానో వస్తోంది. ఎందుకు?

నెల చెప్పండి, కారణం చెబుతాను.

రోహిణి కార్తెలో రోళ్లే పగులుతాయంటారు, మన రంగు ఎంత? డబ్బా నుంచి బయల్దేరిన తుంపర బాడీని చేరేలోపే గాల్లో సగం ఆరిపోతుంది. అందుకే ఇసక చల్లినట్టు గరుకు, లేదా కమలాపండు తొక్కలా గతుకులు. ఆ రోజుల్లో పొద్దున ఆరింటికే పని ముగించండి. డబ్బా పట్టుకునే దూరం కొంచెం తగ్గించండి. ఎయిర్‌బ్రష్ అయితే నెమ్మదిగా ఆరే థిన్నర్ కలపండి.

వానాకాలంలో కథ వేరు. రంగులోని ద్రావకం ఆవిరయ్యేటప్పుడు ఉపరితలం చల్లబడుతుంది. కృష్ణ పక్కన ఉన్న ఊరు, గాలినిండా తేమ. ఆ చల్లని ఉపరితలం మీద చెమ్మ పట్టి, రంగులో చిక్కుకుని, తెల్లగా పాలిపోతుంది. ఒక జూలై సాయంత్రం వాన వెలిసిందని తొందరపడి మెరూన్ రంగు కొట్టాను. పావుగంటలో కారు విబూది పూసుకున్నట్టు తయారైంది. ఇలా అయితే కంగారుపడి గీకేయకండి. పొడి రోజున పైన పలచగా త్వరగా ఆరే లాకర్ రంగుల థిన్నర్‌గానీ, రంగులేని క్లియర్ పూతగానీ కొడితే చాలాసార్లు ఆ తెలుపు కరిగి పోతుంది.

నేను ముఖ్యమైన బాడీలన్నీ దీపావళి వెళ్లాక, శివరాత్రి లోపు కొట్టేస్తాను. మిగతా నెలల్లో కోతలు, అతుకులు, సీట్లు, ఇంజన్లు.

కొట్టే పద్ధతి: బాడీని గిన్నెల సబ్బుతో కడిగి ఆరబెట్టాలి, తర్వాత బూడిదరంగు ప్రైమర్, దాని మీద 1000 పేపర్‌తో తడి రుద్దుడు. ఆపైన రంగు మొదటి పూత మంచు పట్టినట్టు, రెండోది, మూడోది కొంచెం తడిగా, మధ్య పది పదిహేను నిమిషాలు. డబ్బాను గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచితే తుంపర సన్నగా వస్తుంది. పొయ్యి మీదా, మే నెల ఎండలోనూ పెట్టకండి, పేలుతుంది. కొట్టేటప్పుడు ఫ్యాన్ ఆపండి. కొట్టాక బాడీ మీద ఒక ప్లాస్టిక్ టబ్బు బోర్లించండి, మన రోడ్ల దుమ్ముకి అంతకన్నా మంచి మందు లేదు.

ఇంకోటి: నెమ్మదిగా ఆరే ఎనామెల్ రంగు మీద లాకర్ కొట్టకూడదు, ముడతలు పడుతుంది. లాకర్ కింద, ఎనామెల్‌గానీ ఆక్రిలిక్‌గానీ పైన.

ఆటోనగర్లో కార్లకు వేసే పెయింట్ వాడొచ్చా? చవక కదా.

వాడొచ్చు, కానీ ఆ థిన్నర్ ఇనప రేకు కోసం చేసింది. వట్టి ప్లాస్టిక్ మీద పడితే ఉపరితలం చిట్లి, పాత గోడలా బీటలు వారుతుంది. మంచి ప్రైమర్ రెండు పూతలు వేసి, రంగును పలచగా, పొడిగా కొడితే నిలబడుతుంది. ముందు ఖాళీ ఫ్రేము ముక్క మీద చూడండి. హార్డెనర్ కలిపే 2కె రంగులు మాత్రం ఇంట్లో వద్దు. అందులో ఐసోసయనేట్లు ఉంటాయి, ఊపిరితిత్తులకు మంచివి కావు, గుడ్డ మాస్కు ఆపలేదు. మామూలు మోడల్ లాకర్‌కి కూడా గాలి ఆడే చోటు, కార్బన్ ఫిల్టర్ ఉన్న మాస్కు కావాలి. ఇంట్లో చంటిపిల్లలు ఉంటే మేడ మీదకే పొండి.

క్రోమ్ భాగాలు బాగాలేవు. తీసేయొచ్చా?

బట్టలకు వాడే బ్లీచ్ ద్రావణంలో వేస్తే కాసేపట్లో మెరుపు వదిలిపోతుంది. ఆ తర్వాత నిగనిగలాడే నల్లరంగు వేసి, దాని మీద క్రోమ్ రంగు. కింద నలుపు ఎంత నునుపుగా ఉంటే పైన క్రోమ్ అంత నిజంగా కనిపిస్తుంది. కిటికీల చుట్టూ సన్న అంచులకు వెనక జిగురున్న మెటల్ ఫాయిల్ అంటించి, కొత్త బ్లేడుతో కోయాలి. కొత్త బ్లేడు అంటే నిజంగా కొత్తది, నిన్నటిది కాదు.

మన లారీ కట్టగలమా? టాటా, లేలాండ్ కిట్లు ఉన్నాయా?

ఇదే అందరూ అడిగేది, నాకు ఇష్టమైన ప్రశ్న కూడా. మన లారీ ప్లాస్టిక్ కిట్ నాకు ఇంతవరకు ఎక్కడా తగల్లేదు. అయినా దిగులు లేదు. ఆలోచించండి: మన పాత లారీల్లో చాలావాటికి కంపెనీ ఇచ్చింది ఛాసిస్, ఇంజన్, కౌల్ అనే ముందు ముఖం మాత్రమే. క్యాబిన్, బాడీ కట్టింది ఇక్కడే, ఆటోనగర్‌లాంటి చోట్ల, చెక్కతో, రేకుతో. అంటే ఎక్కువ భాగం చదును పలకలు. చదును పలకలంటే పాలీస్టైరీన్ షీటు కోసి కట్టేయొచ్చు. వంపులు తిరిగిన జపాన్ కారుని మొదటినుంచీ చేయడం నా వల్ల కాదు. బెజవాడ లారీ అవుతుంది.

ముందు ఆటోనగర్ వెళ్లండి. టేపు, నోట్‌బుక్కు, ఫోన్ తీసుకెళ్లండి. అడిగి కొలవండి. "బొమ్మ చేస్తాను" అంటే మొదట నవ్వుతారు, తర్వాత వాళ్లే టేపు రెండో చివర పట్టుకుంటారు. బయట అందంగా కనిపించేవే కాదు, కింద దూరి కమాన్లు, హౌసింగు, గాలి ట్యాంకులు ఎక్కడున్నాయో చూడండి. నా మొదటి లారీలో డీజిల్ ట్యాంకు తప్పువైపు పెట్టాను. చెప్పింది మా ఆవిడ కాదు, అన్నయ్యా కాదు, కరెంటు బిల్లు ఇవ్వడానికి వచ్చిన కుర్రాడు. వాళ్ల నాన్న డ్రైవర్.

ఇక కట్టడం. మన లారీల 10.00-20 టైరు అసలు ఎత్తు సుమారు మీటరుకు ఐదు సెంటీమీటర్లు ఎక్కువ, 1/24లో 44 మిల్లీమీటర్లు. అమెరికన్ ట్రక్కు కిట్ల టైర్లు దాదాపు అంతే ఉంటాయి. అందుకే నేను ఒక ట్రక్కు కిట్ కొని దాని టైర్లు, ఇరుసులు, గేరుబాక్సు తీసుకుంటాను. ఛాసిస్ పట్టాలు షీటు పట్టీలతో ఇంగ్లీషు సి అక్షరంలా చేస్తాను. ఈ రెండు పట్టాలూ గాజు పలక మీద పెట్టి అతకండి, బల్ల మీద వద్దు, బల్లలు నమ్మదగ్గవి కావు. క్యాబిన్‌కు ఒక మిల్లీమీటర్ షీటు, డోర్ల మీద గీతలకు పావు మిల్లీమీటర్ పట్టీలు. బాడీ చెక్కలకు షీటు మీద కత్తి వీపుతో గీతలు లాగండి, కలప ఈనెల్లా వస్తాయి.

కౌల్ ఒక్కటే కష్టం. దాన్ని ఎం-సీల్ ముద్ద మీద చెక్కుతాను, లేదా త్రీడీ ప్రింట్ చేయిస్తాను. ప్రింట్ చేయించినా పొరల గీతలు రుద్దే పని తప్పదు.

లారీ భయపెడితే జిప్సీ చేయండి. హసెగావా 1/24లో సుజుకి జిమ్నీ జేఏ71 కిట్ చేసింది. మన మారుతి జిప్సీ ఆ కుటుంబపు పొడవు బండే. జిమ్నీ చక్రాల మధ్య దూరం 2030 మిల్లీమీటర్లు, జిప్సీది 2375. తేడా 345, అంటే కొలతలో 14 చిల్లర. డోరు వెనక బాడీని, ఛాసిస్‌ని కోసి ఆ 14 మిల్లీమీటర్లూ షీటుతో పూడిస్తే సగం జిప్సీ వచ్చినట్టే. కోసే రంపం తొలిచేసే మందం కూడా లెక్కలో కలుపుకోండి. నేను కలుపుకోలేదు.

తెలుగు అక్షరాలు, నంబరు ప్లేటు ఎలా?

నీటిలో నానబెట్టి జార్చే డెకాల్ కాగితం దొరుకుతుంది. కంప్యూటర్లో రాసుకుని దాని మీద ప్రింట్ తీయాలి. ఇంట్లో ప్రింటర్లు తెలుపు ముద్రించవు. ఎర్ర బాడీ మీద పసుపు అక్షరాలు కావాలంటే తెల్ల డెకాల్ కాగితం వాడి, చుట్టూ నేల రంగు కూడా ఎరుపుగా ప్రింట్ చేసి కోయాలి. ఇంక్‌జెట్ అయితే నీళ్లలో వేసేముందు క్లియర్ రెండు పూతలు కొట్టండి, లేకపోతే దేవుడి పేరు కళ్లముందే కరిగిపోతుంది. అంటించే చోటు నిగనిగలాడుతూ ఉండాలి. గరుకు మీద అంటిస్తే కింద గాలి చిక్కి వెండిలా మెరుస్తుంది.

ప్లేటు విషయంలో జాగ్రత్త: ఇప్పటి లారీకి పసుపు మీద నలుపు. పాత కృష్ణా జిల్లా బండికి ఏపీ 16, గుంటూరు బండికి ఏపీ 07. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చింది. 1990ల లారీ కట్టి ఏపీ 39 పెడితే పిల్లలు కూడా పట్టేస్తారు.

లోడు, దుమ్ము?

దుమ్ముకి రంగు కొనక్కర్లేదు. ఎండిన మట్టిని పలచని గుడ్డలో జల్లించి, మెత్తటి బ్రష్షుతో చక్రాల దగ్గర, మడ్‌గార్డుల కింద అద్దండి, మాట్ క్లియర్‌తో పట్టించండి. ఎక్కువ చేయకండి. మొదటిసారి అందరూ ఎక్కువే చేస్తారు, లారీ చెరువులోంచి లేపినట్టు ఉంటుంది.

లోడుకు గుంటూరు మిర్చి టిక్కీలు (బస్తాలు) అందంగా ఉంటాయి. మూడడుగుల టిక్కీ అంటే ఒకటిన్నర అంగుళం. కట్టు కట్టే పలచని గాజుగుడ్డను టీ డికాక్షన్లో ముంచి ఆరబెడితే గోనె రంగు వస్తుంది. లోపల పుట్టీ ముద్ద పెట్టి కుట్టండి. పైన పట్టాకు టిష్యూ పేపరు, ఫెవికాల్ నీళ్లు. తాళ్లకు కుట్టుదారం, మైనం రాసి. ముందు బంపర్‌కి నల్లదారం కుచ్చు, నిమ్మకాయకు ఆవగింజ మీద పసుపు చుక్క.

చెడిపోయిన రంగు తీసేయడం ఎలా?

ఆక్రిలిక్ అయితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్లో నానబెట్టి పాత టూత్‌బ్రష్షుతో రుద్దండి. లాకర్ అయితే అంత సులువు కాదు. గరుకు వరకే అయితే 2000 పేపర్‌తో తడిగా రుద్ది రబ్బింగ్ కాంపౌండ్ వేయండి. బాడీ అంచుల మీద మాత్రం చేయి తేలిగ్గా, అక్కడ రంగు ముందు పోతుంది.

షోకేసులో పెట్టిన లారీ చక్రాలు కరిగాయి. ఎలుకా?

ఎలుక కాదు, టైరు. కిట్లలో మెత్తటి వినైల్ టైర్లలోని నూనెలాంటి పదార్థం నెమ్మదిగా బయటకొచ్చి పాలీస్టైరీన్ చక్రాన్ని తినేస్తుంది. వేడికి ఇంకా తొందరగా. టైరు ఎక్కించేముందు చక్రం అంచుకు రంగు గట్టిగా వేసి పూర్తిగా ఆరనివ్వండి. షోకేసు పడమటి కిటికీ పక్కన వద్దు, ఎండకు డెకాల్ పచ్చబడుతుంది, సన్న భాగాలు వంగుతాయి.

పిల్లలు చేయొచ్చా?

పన్నెండేళ్లు దాటాక, పెద్దవాళ్లు పక్కన కూర్చుంటే. బ్లేడు, ద్రావకం రెండూ ఆట వస్తువులు కావు. అంతకన్నా చిన్నవాళ్లకు జిగురు లేకుండా నొక్కితే కూర్చునే కిట్లు ఉన్నాయి.

ఇవి అమ్ముతారా?

అమ్మను. ఒక్కసారి మా వీధి లారీ ఓనరు బతిమాలితే ఆయన బండి కట్టిచ్చాను. నాలుగు నెలలు పట్టింది. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, "అంతా బానే ఉంది గానీ, క్లీనర్ వైపు అద్దం మాది పగిలి ఉంటది గదండీ" అన్నాడు. వెనక్కి తీసుకొచ్చి, ఆ అద్దం మళ్లీ చేసి, బ్లేడుతో పగులు గీసి ఇచ్చాను.